బొట్టు తుడిచిన చెయ్యి

మా బావ పోయాడన్న వార్త నాకు సత్సంగం వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఉదయం షిఫ్టుకు బొల్లారంలో కంపెనీ బస్సు దిగుతున్నాను. మా ఆవిడ మూడుసార్లు ఫోన్ చేసిందట. బస్సులో జపం చేసుకుంటూ మోగకుండా పెట్టుకున్నాను. గేటు దగ్గర తీసి చూస్తే ముందుగా కనిపించింది గ్రూపు సందేశం. కంప్యూటర్ దుకాణం పెద్దాయన గుండెపోటుతో శివైక్యం చెందారనీ, ఒక మంచి మనిషిని కోల్పోయామనీ రాసి ఉంది. దాని కింద జోడించిన చేతుల బొమ్మలు, లెక్క లేనన్ని. పంపినవాడు మా సత్సంగం అధ్యక్షుడు.

మంచి మనిషట. ఆ చేతుల బొమ్మలు పెట్టిన వాళ్ళందరూ రెండేళ్ళుగా ఆయన్ని ఏమని పిలిచారో నాకు తెలుసు. "బొట్టు తుడిచినోడు" అన్నారు. ఆ పేరు పుట్టించింది ఈ అధ్యక్షుడే. దానికి ప్రాణం పోసింది నేను.

నెలనెలా ఈ పత్రికలో భక్తి గురించి, శాంతి గురించి రాస్తుంటాను. ఈ నెల శాంతి నా దగ్గర లేదు. స్తంభం చీల్చుకుని వచ్చిన దేవుడు కూడా నవ్వుతూ రాలేదు. మా బావ పేరుకు అంటిన మసి తుడవడానికే ఇది రాస్తున్నాను. చదివి మీలో ఎవరికైనా మొహం ఎర్రబడితే, నా మొహం అంతకు ముందే ఎర్రబడిందని గుర్తుంచుకోండి.

మా బావ అంటే మా ఆవిడకు అన్న. లక్డారంలో పొలం ఉన్న కుటుంబం. పొలాల పక్కకు ఫ్యాక్టరీలు వచ్చాక ఒక మందుల కంపెనీలో ఎలక్ట్రీషియన్‌గా చేరి, జుట్టు నెరిసేదాకా మెయింటెనెన్సులోనే పనిచేశాడు. రిటైరయ్యాక పటాన్‌చెరులో ఇంటి ముందు గదికి షట్టర్ పెట్టించి, కంప్యూటర్లు అమర్చి ఇవ్వడం మొదలుపెట్టాడు. ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకున్నది కాదు. నేను కంపెనీ బస్సులో పురాణాలు చదివి ప్రవచనం నేర్చుకున్నట్టు, ఆయన పాడైన యంత్రాలు విప్పి ఆ విద్య నేర్చుకున్నాడు. గురువు లేని వాళ్ళం ఇద్దరమూ. అందుకే మాకు పొసగేది, అందుకే కొట్లాడుకునేవాళ్ళం కూడా.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఫ్యాక్టరీలో మోటారు దగ్గరికి వెళితే మీటరు చూడకముందే అరచెయ్యి తిప్పి, చేతి వెనక భాగం దాని మీద ఆనించేవాడు. పిల్లకు జ్వరం చూసినట్టు. దుకాణంలో మదర్‌బోర్డు దగ్గర కూడా అంతే. కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే డబ్బాను, దుకాణాల్లో ఎస్సెంపీఎస్ అంటారే, దాన్ని కొనేముందు అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. తేలిగ్గా ఉంటే పక్కన పెట్టేసేవాడు. లోపల రాగి, ఇనుము సరిగ్గా వేసినవాడి డబ్బా బరువు తూగుతుందని ఆయన నమ్మకం. బరువొక్కటే చాలదు, లోపలి పని కూడా చూడాలని తనే మళ్ళీ అనేవాడు.

గోడకు ఒక పలక వేలాడేది. దాని మీద సుద్దముక్కతో మూడు మాటలు రాసి ఉండేవి. తినేటోడు, వడ్డించేటోడు, వండేటోడు. ఎవరొచ్చి కంప్యూటర్ కావాలన్నా ముందు ఆ పలక చూపించేవాడు. తినేటోడు ప్రాసెసర్, అంటే కంప్యూటర్ బుర్ర. వండేటోడు ఎస్సెంపీఎస్. వడ్డించేటోడు మదర్‌బోర్డు. భీముడంతటి తినేవాణ్ణి పంక్తిలో కూర్చోబెట్టి, ఐదుగురికి వండించి, గరిటె పట్టడం రాని పిల్లాడితో వడ్డిస్తే ఏమవుతుంది? భీముడు ఆకలితో నీరసపడతాడు, లేదా వడ్డించేవాడి చేతులు కాలతాయి, లేదా వంటిల్లే అంటుకుంటుంది. ఆయన చెప్పిన శాస్త్రమంతా ఇంతే. నా ప్రవచనాల కన్నా సూటిగా ఉండేది.

ఒకరోజు నేను అక్కడుండగానే రుద్రారం కాలేజీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో చీటీ. అన్నింటికన్నా పెద్ద ప్రాసెసర్ రాసుకుని, మిగిలినవన్నీ చవకవి రాసుకుంది. ఆయన చీటీ చదివి రెండు చోట్ల కొట్టేశాడు. ఆ అమ్మాయికి కోపం వచ్చింది.

"అంకుల్, ఎస్సెంపీఎస్ డబ్బా మీద ఏడు వందల యాభై వాట్లని ఉంది కదా. ఎందుకు సరిపోదు?"

"ఉన్నది బిడ్డా. మా కంపెనీ క్యాంటీన్ బోర్డు మీద గూడ రోజూ బిర్యానీ అనే ఉండె."

రెండు డబ్బాలు తెచ్చి రెండు చేతుల్లో పెట్టాడు. రెండింటి మీదా అంకె ఒకటే. ఒక చెయ్యి దిగింది, ఒక చెయ్యి తేలింది. తర్వాత డబ్బా పక్కన అంటించిన చిన్న పట్టిక మీద వేలు పెట్టాడు. "పెద్ద అంకె సూడకు. పన్నెండు వోల్టుల లైన్ల ఎన్ని ఆంపియర్లు ఇస్తదో గది సూడు. ప్రాసెసర్ తినేది గా లైన్లకెల్లే."

బోర్డు మాత్రం తన చీటీలో రాసుకున్నదే చాలని, సాకెట్ సరిపోతుంది కదా అని ఆ అమ్మాయి పట్టుబట్టింది. ఆయన నవ్వాడు. "సాకెట్ల కూసున్నంత మాత్రాన సంసారం అయితదా బిడ్డా?" సాకెట్ పక్కన వరసగా ఉండే నల్ల ముక్కలు చూపించాడు. కరెంటు దిద్ది ప్రాసెసర్‌కు అందించేవి అవే. చవక బోర్డులో అవి తక్కువ, వాటి మీద వేడి లాగే అల్యూమినియం దిమ్మ కూడా ఉండదు. పెద్ద ప్రాసెసర్ ఒక్క నిమిషం అడిగితే ఇస్తాయి. గంటసేపు అడిగితే కాలిపోతాయి, లేదంటే ఆ ప్రాసెసర్ తనంతట తనే వేగం చంపుకుని కుంటుతుంది. నీ పనికి ఇంత ఆకలివాడు అవసరమా, మధ్యరకం వాణ్ణి తీసుకుని వాడికి కడుపునిండా పెట్టు అన్నాడు. ఆ అమ్మాయి విసవిసా వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా వచ్చి, ఆయన చెప్పినట్టే కట్టించుకుంది.

ఇక అసలు సంగతి.

రెండేళ్ళ కిందట దసరాకు మా సత్సంగం మండపంలో తొమ్మిది రోజుల ప్రవచనాలు. చెప్పేది నేను. ప్రత్యక్ష ప్రసారం చేయాలని కమిటీ పట్టు. అధ్యక్షుడు లేబర్ కాంట్రాక్టర్, పెద్ద చెయ్యి. నవరాత్రుల మొదటి రోజు ఆయన మార్కెట్లో ఉన్న వాటిలోకెల్లా పెద్ద ప్రాసెసర్ ఒకటి తెచ్చి అమ్మవారి పాదాల దగ్గర పెట్టాడు. అట్టపెట్టెలో ఉంటే అందరికీ కనిపించదని పైకి తీశాడు. తళతళలాడే లోహపు మూత మీద తడి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టాడు. ఈ పారిశ్రామికవాడలో లేతు మిషన్‌కూ, లారీకీ, మోటారుకూ బొట్టు పెట్టని పండగ లేదు కదా. అదే చెయ్యి ఇక్కడా తిరిగింది. నేను మంత్రం చదివాను. చేసింది తప్పన్న ఊహ మాలో ఎవరికీ రాలేదు.

అమర్చడానికి మా బావను పిలిచాం. ఆయన వచ్చి చెప్పులు బయట విడిచి, దండం పెట్టుకుని, ప్రాసెసర్‌ను వేళ్ళ అంచులతో ఎత్తి చూశాడు. సంచిలోంచి దూది, స్పిరిట్ తీసి ఆ బొట్టు తుడిచాడు. మండపం వెనక గదిలో అప్పుడున్నది ముగ్గురం. ఆయన, అధ్యక్షుడు, నేను.

"ఏంది నువ్వు చేసింది? అమ్మవారి బొట్టు తుడుస్తవా?" అన్నాడు అధ్యక్షుడు.

"బొట్టు కంప్యూటర్ బయటి డబ్బా మీద పెట్టుకోవాలె అన్నా. దీని మీద వేడి గుంజే పేస్టు పూసి ఫ్యాను బిగించాలె. నడుమ పసుపు పొర ఉంటే వేడి బయటికి పోదు. మనిషికి బొట్టు నొసట పెడ్తం గని కండ్లల్ల పెడ్తమా?"

ఆ మాటలన్నాక ఆయన ఏం చేశాడో వినండి. ఎందుకంటే ఈ భాగాన్నే తర్వాత అందరూ మింగేశారు. ఆ దూదిని కళ్ళకద్దుకున్నాడు. మడిచి తీసుకెళ్ళి అమ్మవారి పూల కింద పెట్టాడు. తిరిగొచ్చి, కమిటీ వాళ్ళ పాత కంప్యూటర్‌ను మూత తీసి చూశాడు. సాకెట్ సరిపోతుంది, అందుకే ఆ పాత బోర్డు మీదే కొత్త ప్రాసెసర్ పెట్టమన్నారు. ఆయన చేతి వెనక భాగం బోర్డు మీద ఆనించాడు. ఎస్సెంపీఎస్ విప్పి అరచేతిలో తూచాడు. తల అడ్డంగా ఊపాడు. బోర్డూ డబ్బా రెండూ మార్చండి, లేదా ప్రాసెసర్ వాపసిచ్చి చిన్నది తెండి అన్నాడు. దేవుడికి పెట్టింది వాపసియ్యం అన్నాడు అధ్యక్షుడు. అయితే నేను పెట్టను అన్నాడు మా బావ.

వెళుతూ నన్ను పక్కకు పిలిచాడు.

"బావా, గంగను దించెటప్పుడు భగీరథుడు ముందుగాల ఏం జేసిండు?"

"శివుణ్ణి వేడుకున్నడు. ఆ వేగం మోసెటోడు కావాలె గదా."

"మరి మీరు ఎవర్ని అడిగిన్రు?"

ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన గడప దాటగానే అధ్యక్షుడు అదే మూత మీద మళ్ళీ పసుపు రాసి, మళ్ళీ బొట్టు పెట్టాడు. మధ్యాహ్నానికి వేరొకర్ని పిలిపించాడు. ఆ వచ్చినవాడు బొట్టు మీదే పేస్టు పూసి, పాత బోర్డుకు బిగించి, పాత డబ్బాకే తగిలించి వెళ్ళాడు. నేను కళ్ళారా చూశాను. పాఠకులారా, ఈ ఒక్క వాక్యాన్ని గుర్తు పెట్టుకోండి. ఆ యంత్రం బొట్టుతోనే నడిచింది, బొట్టుతోనే కాలింది.

మొదటి రోజు నుంచీ ప్రసారం కుంటింది. నా మాట ఒకచోట, పెదవులు ఒకచోట. నెట్టు సరిగా లేదన్నారు. ఎనిమిదో రోజు నేను గంగావతరణం చెప్పాను. మా బావ నన్నడిగిన ప్రశ్ననే, ఆయన పేరెత్తకుండా, నా సొంత ఆలోచనలా చెప్పాను. మోసేవాణ్ణి వెతక్కుండా వరం కోరేవాడు మూర్ఖుడని గర్జించాను. చప్పట్లు పడ్డాయి. ఆ చప్పట్ల మధ్యే కాలిన వాసన వచ్చింది. బోర్డు మీద నల్ల ముక్కలు పేలాయి, డబ్బాలోంచి పొగ లేచింది, తెర ఆరిపోయింది.

అధ్యక్షుడు మైకు తీసుకోలేదు. పక్కనున్న నలుగురితో నెమ్మదిగా అన్నాడంతే, బొట్టు తుడిచినప్పుడే అనుకున్న అని. గుడారం దాటేలోపు ఆ మాట అందరికీ చేరింది. మర్నాడు ఆయుధపూజ. మండపమంతా నా వైపు చూసింది. తుడిచిన బొట్టు మళ్ళీ పెట్టారన్న నిజం ఆ మండపంలో తెలిసింది ఇద్దరికి, అందులో ఒకడు అబద్ధం చెప్పాడు. రెండోవాణ్ణి నేను. నేను ఆ రోజు చెప్పింది దైవద్రవ్యాన్ని తక్కువ చేసిన వాళ్ళ గతి గురించి. ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమే రాలేదు. అందరూ వెనక వరసలో కూర్చున్న మా బావ వైపు తిరిగారు. ఆయన కథ అయ్యేదాకా కూర్చుని, హారతి తీసుకుని వెళ్ళాడు.

ఎందుకలా చేశానని అడగండి. మైకు అధ్యక్షుడిది. మండపం అధ్యక్షుడి చేతిలో ఉంది. నా నోరు నాదే అనుకుని ఇన్నేళ్ళు బతికాను, అది కూడా ఆయనదేనని ఆ రోజు తేలింది.

తర్వాత రెండేళ్ళు. గృహప్రవేశాలకు ఆయన్ని పిలవడం మానేశారు. కొత్త దుకాణం పెట్టేవాడు బిల్లింగ్ మిషన్ ఆయన దగ్గర తీసుకోలేదు. రుద్రారం పిల్లలు మాత్రం వచ్చేవాళ్ళు, వాళ్ళకు ఈ కథ తెలియదు కాబట్టి. మా ఆవిడ నాతో మాట్లాడేది గానీ, నా ప్రవచనానికి రావడం మానేసింది. ఎందుకని ఒకసారి అడిగితే, "మా అన్న కోసం నీ నోట్లకెల్లి ఒక్క మాట రాలే. ఇగ నేనేం ఇనాలె?" అంది.

ఆయన మాత్రం నన్ను ఒకే ఒక్కసారి అడిగాడు. కిందటి ఉగాదికి పచ్చడి తింటూ. "బావా, ఒక్కసారి మైకుల జెప్పు. నా పేరు కోసం గాదు. బొట్టు తుడిచినందుకు కాలిందనుకుంటే జనం మళ్ళ గదే తప్పు జేస్తరు. బోర్డు వల్ల కాలిందని తెలిస్తే నాలుగు ఇండ్లన్న ఖరాబు గాకుంట ఉంటయి." సమయం వచ్చినప్పుడు చెప్తా అన్నాను. సరే అని గిన్నె కడుక్కోవడానికి లేచాడు. మళ్ళీ అడగలేదు. ఆ సమయం ఆయన ఉండగా రాలేదు. నేనే రానివ్వలేదు.

పదో రోజు కర్మ. చుట్టాలు, కాలనీ వాళ్ళు, కమిటీ వాళ్ళు అందరూ వచ్చారు. మా అక్కను, అంటే బావ భార్యను, పీట మీద కూర్చోబెట్టారు. నలుగురు ముసలమ్మలు దగ్గరికి జరిగారు. ఎందుకో మీకు తెలుసు. గాజులు, తర్వాత నొసటి బొట్టు. చూస్తూ నిలబడిన వాళ్ళలో ముందు వరసలో అధ్యక్షుడు. ఒక లోహపు మూత మీది బొట్టు తుడిస్తే పాపమని ఊరూరా చెప్పిన మనిషి, ఒక ఆడమనిషి నొసటి బొట్టు తుడవడం చూడటానికి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మా ఆవిడ వెళ్ళి వదినె పక్కన కూర్చుంది. ఆమె నొసటికి తన అరచెయ్యి అడ్డం పెట్టింది. అందరి ముందూ నన్ను అడిగింది.

"నువ్వు జెప్పు. గిది ఏ గ్రంథంల ఉన్నది?"

అప్పుడు నోరు విప్పాను. ఏ గ్రంథంలో ఉన్నా నేను ఒప్పుకోను అన్నాను. మా ఆవిడ చెయ్యి దాటి ఎవరూ ముందుకు రావద్దన్నాను. ఆ వెంటనే రెండోదీ చెప్పాను. దూది కళ్ళకద్దుకున్నది, పూల కింద పెట్టినది, మళ్ళీ బొట్టు పెట్టింది ఎవరో, ఏ బోర్డు ఎందుకు కాలిందో, ఎనిమిదో రోజు నేను ఎవరి మాట దొంగిలించానో. మైకు లేదు. గొంతు చాలింది.

"ఇప్పుడెందుకు స్వామీ పాత ముచ్చట" అన్నాడు అధ్యక్షుడు.

"నీకు పాతది. పీట మీద కూసున్న ఆమెకు గాదు" అన్నాను.

ముసలమ్మలు ఒకరి మొహం ఒకరు చూసుకుని వెనక్కి జరిగారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టి ఉంటే సిగ్గుతో చచ్చేవాణ్ణి. రెండేళ్ళు ఆలస్యంగా చెప్పిన నిజానికి పుణ్యం ఉండదు. వినాల్సిన చెవులు అప్పటికే బూడిదయ్యాయి.

పదకొండో రోజు పొద్దున అక్క షట్టర్ తీయమంది. లోపల ఏదో తిరుగుతున్న చప్పుడు. ముందు నాకర్థం కాలేదు. పలక గోడకే ఉంది. బల్ల కింద ఒక పెద్ద నల్లటి కంప్యూటర్ డబ్బా, ఫ్యాన్లు నిదానంగా తిరుగుతున్నాయి. రుద్రారం అమ్మాయి అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడింది. తన చదువుకు సంబంధించిన పెద్ద లెక్క ఒకటి ఇందులో పెట్టి ఇరవై రోజులవుతోందట. ఇలాంటి బరువు పనులకు కాలేజీ పిల్లల్ని ఊరికే వాడుకోనిచ్చేవాడట. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికొస్తుందని అంకుల్ చెప్పారంది. అందుకే ఆ పదిరోజులూ అక్క దాని స్విచ్చి ముట్టుకోనివ్వలేదు.

ఆ డబ్బాలో ఉన్న ప్రాసెసర్ ఏదో తెలుసా? అమ్మవారి పాదాల దగ్గర పెట్టిందే. దేవుడికిచ్చింది వాపసియ్యమన్న వాళ్ళు మరుసటేడు మండపం సున్నాలప్పుడు కాలిన కంప్యూటర్‌ను పాత సామాను కొనే కబాడీ బండికి వేశారు. మా బావ ఆ బండిని దారిలో ఆపి తెచ్చుకున్నాడు. బోర్డు పోయింది, కరెంటు డబ్బా పోయింది, ప్రాసెసర్ మాత్రం బతికే ఉంది. దానికి మోయగల బోర్డు వెతికాడు. చేతిలో తూగే ఎస్సెంపీఎస్ వెతికాడు. అక్క చెప్పింది, "ఆకలి దాని తప్పు గాదు అనెటోడు తమ్మీ."

వంగి చూశాను. డబ్బా ముందు వైపు, పైభాగాన, పసుపు మీద కుంకుమ బొట్టు. రోజూ దుకాణం తీయగానే పెట్టేవాడట. పదకొండు రోజులది. ఎండి, అంచులు రాలి ఉంది.

చేతి వెనక భాగం తిప్పి ఆ డబ్బాకు ఆనించాను, ఆయన చేసినట్టే. గోరువెచ్చగా ఉంది, అంతే.

అక్క లోపలికి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చింది. కింద కూర్చుని, పాత బొట్టు మీదే ఉంగరపు వేలితో కొత్త బొట్టు దిద్దింది. వేలికి ఇంకా కొంచెం మిగిలింది. ఎటు తుడవాలా అన్నట్టు ఒక్క క్షణం దాని వైపే చూసుకుంది. తర్వాత ఆ వేలిని తన నొసటికి ఎత్తింది. డబ్బా వెనక నుంచి వీస్తున్న వెచ్చటి గాలికి గోడ మీద పలక మెల్లగా ఊగుతోంది.